రెండు ఫ్లైలు

పోయిన నెల ఈ పేజీలో పింఛను కాగితాల సంగతి రాసి, చివర్లో "వచ్చే నెల మా గాలం మామ గురించి చెప్తాను" అని మాట ఇచ్చినాను. ఇచ్చినాక మూడుసార్లు కాగితం ముందర కూర్చున్నాను. మూడుసార్లూ టీ నెపం పెట్టుకుని లేచిపోయినాను. నలభై ఏళ్లు కలిసి తిరిగిన మనిషి గురించి ఎక్కడ ఎత్తుకోవాలో తెలియలేదు. చివరికి అత్త ఇచ్చిన డబ్బా దగ్గరే ఎత్తుకుంటాను.

పెద్దకర్మ అయిన మరునాడు అత్త నన్ను పిలిచి ఒక రేకు డబ్బా చేతిలో పెట్టింది. పాత బిస్కెట్ డబ్బా, మూత మీద బొమ్మ అరిగిపోయి ఉంది. "ఇది నీకేరా అబ్బయా. దీంతో ఏమి చేసేదో ఇంట్లో ఎవరికీ తెలీదు. పారెయ్యడానికి మనసు రాలేదు" అంది. తెరిచి చూస్తే థర్మకోల్ ముక్క మీద వరసగా గుచ్చిన ఈకల పురుగులు. ఒక్కోటి శనగగింజంత. కొన్నిటికి కోడి ఈక, కొన్నిటికి నెమలి ఈక. కడుపులో దాగిన చిన్న కొక్కెం. లెక్కపెట్టినాను, నలభై మూడు ఉన్నాయి.

ఈ ఈకల పురుగును ఇంగ్లీషులో ఫ్లై అంటారు. దీన్ని నీటి మీద విసిరి చేపను పట్టడం ఫ్లై ఫిషింగ్. మన మిల్లు ఇళ్లల్లో మటుకు ఫ్లై అంటే ఎవరూ దీన్ని అనుకోరు. కార్డింగ్‌లో, బ్లో రూమ్‌లో గాలిలో తేలుతూ రెప్పల మీద, మీసాల మీద, టిఫిన్ డబ్బా మూత మీద వాలే పత్తి నూగు ఉంది చూడండి, మనకు ఫ్లై అంటే అదే. మామ బతుకంతా ఈ రెండు ఫ్లైల నడుమనే గడిచింది. వారానికి ఆరు రోజులు ఒకటి, ఏడో రోజు ఇంకొకటి.

మామ నాకు రక్తసంబంధం కాడు. కోయంబత్తూరులో మా మిల్లు లైన్ ఇళ్లల్లో మూడో ఇంటి అత్తకు మొగుడు, కాబట్టి మామ. నేను 1978లో అప్రెంటిస్‌గా చేరేటప్పటికి ఆయనకు ముప్పై దాటింది. పద్దెనిమిదో ఏట కార్డింగ్‌లో స్ట్రిప్పర్‌గా చేరి, నేను వచ్చేసరికి గ్రైండర్ అయినాడు. పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కార్డ్ అంటే పత్తిని దువ్వే యంత్రం. సన్నటి తీగ పళ్లున్న పెద్ద సిలిండర్ తిరుగుతూ పత్తిలోని చెత్తను విడదీస్తుంది. ఆ పళ్ల నడుమ ఇరుక్కున్న దుమ్ము, పొట్టి పోగు తీసి శుభ్రం చేసేవాడు స్ట్రిప్పర్. ఆ పళ్లకు పదును పెట్టేవాడు గ్రైండర్. మిల్లు మొత్తంలో ఎక్కువ దుమ్ము తినేది బ్లో రూమ్ వాళ్లూ వీళ్లూనే.

ఒకరోజు హాఫ్ నైట్ ముగించుకుని వస్తుంటే, లైన్ల వెనక ఖాళీ స్థలంలో వీధి దీపం వెలుగులో ఒక మనిషి నిలబడి గాలిలో కర్ర ఊపుతున్నాడు. కర్ర కొసన పొడుగాటి తాడు ముందుకూ వెనక్కీ పాములాగా పోతా ఉంది. దయ్యం పట్టిందేమో అనుకున్నాను. దగ్గరకు పోతే మామ.

"ఏమి మామా, ఈ వేళలో?"

"చేపలు పడతా ఉండాను."

"నీళ్లేవి?"

"నీళ్లు ఊటీలో ఉండాయి. ఇప్పుడు ఇక్కడ చెయ్యి పడతా ఉండాను" అన్నాడు.

ఆ రాత్రి నుంచి నేను ఆయన వెంటపడినాను.

మిల్లు కూలివాడికి దొరల ఆట ఎట్లా అబ్బిందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. 1950ల చివర్లో నీలగిరుల్లో కుందా జలవిద్యుత్ పథకం కడుతున్నప్పుడు మామ నాయన అక్కడ కూలికి పోయినాడు. కెనడా దేశం సాయంతో కట్టిన పథకం అది. ఇప్పుడు మనం బస్సులో పోయి ఫోటోలు తీసుకునే అవలాంచి, ఎమరాల్డ్ చెరువులు ఆ పథకంలో కట్టిన జలాశయాలే. కెనడా ఇంజనీరు ఒకాయన ఆదివారం పూట వాగు దగ్గర ఈ గాలం వేసేవాడట. పన్నెండేళ్ల మామ ఆయన సంచి మోసేవాడు. రోజుకు పావలా. సంచి మోస్తూ చూసినాడు, చూస్తూ నేర్చుకున్నాడు. దొర ఊరికి పోయేటప్పుడు విరిగిన కర్ర ఒకటి పిల్లవాడికి ఇచ్చిపోయినాడు. వెదురు చీలికలు అతికించి చేసిన కర్ర అది. పద్దెనిమిదో ఏట మిల్లులో చేరేటప్పుడు మామ దగ్గర ఉన్న ఆస్తి ఆ విరిగిన కర్రే.

దాన్ని మిల్లు బాగు చేసింది అనాలి. విరిగినచోట తొడుగు వర్క్‌షాపులోని పాత ఇత్తడి గొట్టం. తాడు చుట్టే రీలు లేత్ మీద మిత్రుడు తిప్పి ఇచ్చిన అల్యూమినియం. ఇక కర్ర పొడుగునా తాడు నడిచేందుకు గుండ్రటి తీగలు కావాలి కదా, వాటి స్థానంలో రింగ్ ఫ్రేమ్‌లో దారాన్ని నడిపించే పిగ్‌టెయిల్ గైడ్లు! అరిగి చెత్తలో పడేసినవి ఏరి తెచ్చి కట్టినాడు. ఈకలు కట్టే దారం మన కోంబ్‌డ్ నూలే, నూరో నంబరు. నూలు నీళ్లలో నానకుండా కొవ్వొత్తి మైనం పూసేవాడు. కోడి ఈకలు కోళ్ల బజారులో ఊరికే దొరికేవి. నెమలి ఈకకు మురుగన్ గుడి ముందర అమ్మే ముసలమ్మ దగ్గరకు పోయేవాడు. "కావడికా నాయనా?" అని ఆమె అడిగితే, "కాదమ్మా, చేపకు" అనేవాడు. ఆమె ప్రతిసారీ నవ్వేది.

తాడు పట్టుది. చేప పట్టి వచ్చినాక ఆరబెట్టకపోతే కుళ్లిపోతుంది. అందుకని సోమవారం పొద్దున ఇంటి ముందర వేపచెట్టు నుంచి స్తంభం దాకా కట్టి ఆరబెట్టేవాడు. అత్త దాని మీద తడిబట్టలు వేసేది. లైన్ ఇళ్లన్నిటికీ వినపడేలా వాళ్లిద్దరూ కొట్లాడుకునేది ఆ ఒక్క విషయానికే.

ఈ గాలంలో కిటుకు ఏమిటంటే, కొసన ఉన్న ఫ్లైకి బరువే లేదు. మామూలు గాలానికి సీసం ముక్క కట్టి విసురుతాం, ఆ బరువు తాడును లాక్కుపోతుంది. ఇక్కడ అట్లా కాదు. బరువంతా తాడులోనే ఉంటుంది. తాడును వెనక్కి విసరాలి, అది వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకు విసరాలి. ఆగకుండా తొందరపడితే తాడు కొరడాలాగా ఛెళ్లుమంటుంది, కొసన ఫ్లై తెగి ఎక్కడో పడుతుంది. మొదటి నెలలో నేను తెంపిన ఫ్లైలకు లెక్క లేదు. చివరికి మామ ఫ్లై ఇవ్వడం మానేసి కొసన ఒక పత్తి ఉండ కట్టి ఇచ్చినాడు. "తెగిన దారం అతికేటప్పుడు నువ్వు తొందరపడతావా? ట్రావెలర్ తిరిగే వేగం తెలుసుకునే కదా వేలు పెడతావు? ఇదీ అంతే. వెనక ఏమైతా ఉండాదో తెలుసుకోని ముందుకు పో" అనేవాడు. రింగ్ ఫ్రేమ్‌లో పీసింగ్ నాకు ఆ ఖాళీ స్థలంలోనే బాగా వచ్చిందని ఇప్పటికీ నమ్ముతాను.

మొదటిసారి కొండకు పోయింది 1980 వేసవిలో. శనివారం పని ముగించుకుని రాత్రి బస్సుకు మేట్టుపాళయం పోయి, అక్కడ బస్టాండులో కునికి, తెల్లారి బస్సుకు ఊటీ. అంతకుముందు వారమే ఆయన పోయి ఫిషరీస్ ఆఫీసులో చీటీ తీసిపెట్టినాడు. చీటీ లేకుండా గాలం వేసేవాళ్లంటే ఆయనకు మంట. "దొంగ డాఫ్ తీసినట్టు" అనేవాడు. ఊటీ నుంచి ఇంకో బస్సు. దిగినాక నడక.

నీళ్ల దగ్గరకు చేరినాక నేను గబగబా కర్ర బిగిస్తుంటే, ఆయన బండ మీద కూర్చుని పొట్లం విప్పినాడు. పులుసన్నం తిన్నాం. తిన్నాక కూడా లేవలేదు. అర్ధగంట నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఓపిక పోయింది.

"మామా, వచ్చింది పట్టడానికా, చూడడానికా?"

"చూస్తేనే పట్టేది. ట్రౌటు ఎప్పుడూ నీళ్లకు ఎదురుగా మొగం పెట్టి నిలబడుతుంది. తిండి వాటంతట అదే కొట్టుకొని వస్తుంది కదా. దాని మొగం ఎటు ఉండాదో తెలిస్తే నువ్వు దాని వెనక నుంచి పోవచ్చు. నీ నీడ నీళ్ల మీద పడకూడదు. అడుగు గట్టిగా వెయ్యకూడదు. ముందు చూడు, ఏ పురుగు ఎగరతా ఉండాదో చూడు, అది చూసి ఫ్లై కట్టు. ఆ తర్వాత విసురు."

ఆరోజు నేను ఒక్కటీ పట్టలేదు. ఆయన రెండు పట్టినాడు. ఒకటి చిన్నది, వదిలేసినాడు. వదలడం కూడా నాకు నేర్పినాడు. చేతులు తడుపుకుని పట్టుకోవాలి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పోయి చేపకు జబ్బు చేస్తుంది. వదిలేటప్పుడు విసిరెయ్యకూడదు. పారే నీటికి ఎదురుగా మొగం ఉండేట్టు రెండు చేతుల్లో మెత్తగా పట్టుకుని ఉండాలి. దాని మొప్పలు మళ్లీ తెరుచుకుని మూసుకుని, తనంతట తాను జారిపోయేదాకా ఉండాలి. "దానికి ఊపిరి అందేదాకా నీ చేతుల్లో ఉంచు. తొందరపడి వదిలితే తిరగబడి చస్తుంది" అన్నాడు. ఐస్‌లాంటి నీళ్లలో చేతులు మొద్దుబారిపోతున్నా ఆయన కదల్లేదు.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పినాడు. ట్రౌటు మన కొండల చేప కాదు. 1860ల్లో ఫ్రాన్సిస్ డే అనే చేపల శాస్త్రజ్ఞుడు నీలగిరుల్లో పెంచాలని చూస్తే కుదరలేదు. 1900 దాటినాక హెచ్.సి. విల్సన్ అనే ఆయన రెయిన్‌బో ట్రౌట్‌ను తెచ్చి నిలబెట్టినాడు. అవలాంచిలో గుడ్లు పొదిగించే కేంద్రం 1907లో పెట్టినారు. "చూడు అబ్బయా, ఎక్కడో పుట్టినది. ఇక్కడ నీళ్లు చల్లగా ఉండాయి, ఊపిరి బాగా ఆడుతుంది అని నిలిచిపోయింది. మనమూ అంతే కదా, ఏ కాలంలోనో వచ్చినాము, నిలిచిపోయినాము. ఇంట్లో మటుకు మన మాట మనదే" అని నవ్వినాడు. చల్లటి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుందని, అందుకే ట్రౌటు వెచ్చటి నీళ్లలో బతకలేదని ఆయనకు ఆ కెనడా దొర చెప్పినాడట.

తిరుగు దారిలో బస్సు కిటికీలోంచి కొండల వైపు చెయ్యి చూపించి ఇంకో మాట అన్నాడు. "పైకారా ఏరు ఆ పక్కే. 1932లో ఆ నీళ్లతో కరెంటు తీసినారు. ఆ కరెంటు దిగి వచ్చినాకే కోయంబత్తూరులో మిల్లు మీద మిల్లు లేచింది. నువ్వు నేను తిప్పే స్పిండిల్ అంతా ఈ నీళ్లే." అప్పటిదాకా మిల్లు అంటే నాకు సంగు, టోకెను, జీతం అంతే. మిల్లు వెనక ఒక కొండ ఉంది, కొండ మీద ఒక ఏరు ఉంది అని ఎవరూ చెప్పలేదు.

ఇట్లా ఏడాదికి నాలుగైదుసార్లు పోయేవాళ్లం. డబ్బు లేని నెలల్లో సింగానల్లూరు చెరువు గట్టు మీదే ప్రాక్టీసు. అక్కడ జిలేబి చేప తప్ప ఏమీ పడేది కాదు. అదీ మామ ఫ్లైకి పడేది, నా ఫ్లైకి పడేది కాదు. ఆయనకు ఇష్టమైన ఫ్లై కోచ్‌మన్. నెమలి ఈక పోగుతో ఒళ్లు, ఎర్రగోధుమ కోడి ఈక మెడ చుట్టూ, తెల్ల రెక్క. కోచ్‌మన్ అంటే గుర్రపు బండి తోలేవాడు కదా, మామ దాన్ని బండివాడు అనేవాడు. "ఈరోజు బండివాడిని పంపుదాము" అంటే అర్థం నాకూ ఆయనకూ తప్ప బస్సులో ఎవరికీ తెలిసేది కాదు.

ఇప్పుడు రాయడానికి కష్టమైన సంగతికి వస్తాను.

మామకు సోమవారం అంటే భయం. ఆదివారం కొండ మీద గాలి పీల్చుకుని ఎగురుకుంటూ నడిచిన మనిషి, సోమవారం షిఫ్టుకు పోయి నాలుగు గంటలయ్యేసరికి ఎదమీద చెయ్యి పెట్టుకునేవాడు. ఎద పట్టేసినట్టు ఉంటుంది, దగ్గు, ఊపిరి చాలదు. మంగళవారానికి కొంచెం తగ్గుతుంది. బుధవారానికి మామూలు మనిషి. మళ్లీ సోమవారం మొదలు. "ఊటీ చలి పడలేదు నీకు" అని అత్త కొండనే తిట్టేది. మామ కూడా అదే అనుకునేవాడు, లేదా అనుకున్నట్టు నటించేవాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని మన పెద్దల నమ్మకం కదా. బెల్లం పోయేది కడుపులోకి. దుమ్ము ఉండేది ఊపిరితిత్తుల్లో.

నాకు తెలుసు. ఇదే నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట. అప్రెంటిస్ క్లాసులో సేఫ్టీ పాఠం చెప్పిన మాస్టరు ఒకరోజు బోర్డు మీద బిసినోసిస్ అని రాసినాడు. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, బ్లో రూమ్‌లో కార్డింగ్‌లో ఎక్కువ, సెలవు తర్వాత మొదటి రోజు ఎద పట్టేయడం దీని గుర్తు, కొన్ని దేశాల్లో దీన్ని సోమవారం జ్వరం అంటారు అని చెప్పినాడు. మొదట్లోనే దుమ్ముకు దూరమైతే నయమవుతుంది, ఏళ్లు గడిచిపోతే ఉండిపోతుంది అనీ చెప్పినాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. మామ మొగం గుర్తుకు వచ్చింది కూడా. ఆ సాయంత్రమే చెప్పినాను.

ఆయన విన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నం పెట్టిన చోటును తిట్టకూడదు అబ్బయా. ఈ మాట బయట అనొద్దు. డిపార్ట్‌మెంటు మార్చమని అడిగితే గ్రైండర్ అలవెన్సు పోతుంది. ఇద్దరు ఆడపిల్లలు ఉండారు" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తుండుగుడ్డ ముక్కుకు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. తుండు మందం నూగును ఆపుతుంది గానీ కంటికి కనపడని సన్న దుమ్మును ఆపదు.

పిల్లల పెళ్లిళ్లు అయినాయి. మిల్లు మూతపడింది. వచ్చిన డబ్బుతో మామ లైన్ ఇల్లు ఖాళీ చేసి ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకున్నాడు. విదేశంలో ఉన్న మేనల్లుడు ప్లాస్టిక్ తాడు పంపించినాడు, ఆరబెట్టే పని లేకుండా పోయింది. "ఇంక కొట్లాడడానికి ఏమీ లేదు" అని అత్త అనేది. అయితే మిల్లు వదిలినాక కూడా దగ్గు వదల్లేదు. ఇప్పుడు సోమవారమూ ఆదివారమూ తేడా లేదు, అన్ని రోజులూ ఒకటే.

చివరిసారి కొండకు పోయింది ఎనిమిదేళ్ల కిందట. ఇప్పుడు చాలా చోట్ల అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోలేము, మంచిదే. మేము చీటీ తీసుకుని అనుమతి ఉన్న చోటికే పోయినాము. రోడ్డు నుంచి నీళ్ల దగ్గరకు నూరు అడుగులు కూడా ఉండదు. సగం దూరంలో మామ ఆగిపోయినాడు. పెదాలు నీలమైనాయి. గడ్డి మీద కూర్చోబెట్టినాను. "నువ్వు పో, వెయ్. నేను ఇక్కడి నుంచి చూస్తాను" అన్నాడు.

నేను పోయి విసిరినాను. నలభై ఏళ్ల కిందట ఆయన చెప్పినట్టే వెనక తాడు చాచుకునేదాకా ఆగి, ముందుకు విసిరినాను. బండివాడు మెత్తగా వాలినాడు. చేప లేచింది. పట్టి, తడిచేతులతో ఎత్తి ఆయనకు చూపించి వదిలినాను. ఆయన గడ్డి మీద నుంచే చెయ్యి ఎత్తినాడు. ఊపిరి ఆడక మాట్లాడలేకపోతున్నాడు, నవ్వుతున్నాడు. వయసైపోయింది కదా అనుకున్నాను. అనుకోవడం సులువు కాబట్టి అనుకున్నాను.

పోయిన ఏడాది ఆస్పత్రిలో చేర్చినాము. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. రాత్రిళ్లు అత్తా నేనూ వంతులేసుకుని ఆయన వీపు వెనక చెయ్యి పెట్టి కూర్చోబెట్టి పట్టుకునేవాళ్లం. డాక్టరు కుర్రవాడు, మంచివాడు. "బీడీ తాగుతారా?" అని అడిగినాడు. "పడుచు వయసులో తాగినాను, మానేసి ముప్పై ఏళ్లయింది" అన్నాడు మామ. డాక్టరు రాసుకున్నాడు. కాగితం మీద పాత బీడీ అలవాటు అనీ, ఆస్తమా అనీ పడింది. ఏమి పని చేసేవారు అని అడగలేదు. అడిగి ఉంటే మామ "మిల్లు" అని ఉండేవాడు. మిల్లులో ఎక్కడ అని అడిగి ఉంటే? నేను మంచం పక్కనే కూర్చుని ఉన్నాను. ఒక్క మాట. కార్డింగ్, ముప్పై మూడేళ్లు. ఆ మాట నా నోట్లో ఉంది. మామ నాకేసి చూసినాడు. నేను నోరు మూసుకున్నాను.

ఆ మాట చెప్పి ఉంటే ఆయన బతికేవాడని నేను అనడం లేదు. అప్పటికే చాలా ఆలస్యమైంది. కానీ అత్త చేతికి వచ్చిన కాగితంలో నిజం ఉండేది. మొదటి రోజుల్లోనే, ఆ క్లాసు నోట్‌బుక్కు చేతిలో ఉన్నప్పుడే నేను ఇంకాస్త గట్టిగా పట్టుబట్టి ఉంటే ఆయన డిపార్ట్‌మెంటు మారి ఉండేవాడేమో. ఇరవై ఏళ్ల కుర్రవాడి మాట వినేవాడా అంటే, చెప్పలేను. నీళ్లకేసి అర్ధగంట చూసిన తర్వాతే గాలం వెయ్యమని నేర్పిన మనిషి పక్కన నలభై ఏళ్లు ఉండి, ఆయన్ను మటుకు నేను సరిగా చూడలేదు.

అన్నం పెట్టిన చోటును తిట్టొద్దన్నాడు. నేను తిట్టడం లేదు. ఆ మిల్లు నాకూ అన్నం పెట్టింది. కానీ ఈ పత్రిక చదివే ఇళ్లల్లో, కోయంబత్తూరు కానీ షోలాపూరు కానీ, ఇంకా దగ్గుతున్న పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం మామ మాట ఒక్కసారి దాటుతున్నాను.

మీ ఇంట్లో మిల్లులో చేసిన పెద్దాయన, పెద్దమ్మ ఉంటే కూర్చోబెట్టి అడగండి. ఏ డిపార్ట్‌మెంటు, ఎన్నేళ్లు, సెలవు తర్వాత మొదటి రోజు ఎద పట్టేసేదా? ఒక కాగితం మీద రాసి, ఆస్పత్రి ఫైలులో పెట్టండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఈ జబ్బు ఎక్స్‌రేలో ఇదీ అని ప్రత్యేకంగా కనపడదు, ఆస్తమాలాగా, పొగతాగేవాళ్ల దగ్గులాగా ఉంటుంది. పని చరిత్ర చెబితేనే డాక్టరుకు అనుమానం వస్తుంది. ఊపిరి ఊదించి కొలిచే పరీక్ష ఉంటుంది. ఇంకా పనిలో ఉన్నవాళ్లకైతే సెలవు తర్వాతి మొదటి రోజు షిఫ్టుకు ముందూ తర్వాతా ఆ పరీక్ష చేసి పోల్చి చూస్తారు. మన దేశపు చట్టంలో పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో పత్తి దుమ్ము జబ్బు ఉంది. పరిహారం అడగాలన్నా ముందు కాగితం మీద జబ్బు పేరు సరిగా ఉండాలి. మీ ఇంట్లో పిల్లలు ఇప్పుడు స్పిన్నింగ్‌లో పని చేస్తుంటే, సోమవారం దగ్గును చలి మీదా ఊరి మీదా తోసెయ్యకండి. బీడీ, సిగరెట్టు ఉంటే మానిపించండి, రెండూ కలిస్తే ఊపిరితిత్తులు త్వరగా పోతాయి.

ఇది రాసే ముందు అత్త దగ్గరకు పోయి చదివి వినిపించినాను. అంతా విన్నది. కొండను ఊరికే తిట్టినాను కదరా అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను లేవబోతుంటే, "వెయ్యి. ఆయన కోప్పడితే నేను చెప్పుకుంటాను" అంది.

డబ్బాలో నలభై మూడు ఫ్లైలు అన్నాను. నిజానికి నలభై రెండే పూర్తయినవి. ఒకటి సగంలో ఉంది. నెమలి పోగు చుట్టి, కోడి ఈక పెట్టి, రెక్క కట్టకుండా వదిలేసిన బండివాడు. దారం కొస ఇంకా వేలాడుతోంది, నూరో నంబరు. చేతులు వణకడం మొదలైనాక ఆపేసినట్టున్నాడు. పూర్తి చేద్దామని మైనం, కత్తెర పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యలేదు. అట్లాగే ఉంచినాను.

మామ పెద్ద మనవరాలు నర్సింగ్ చదువుతోంది. పోయిన ఆదివారం వచ్చి, "తాత గాలం నాకు నేర్పుతారా?" అని అడిగింది. ముందు పత్తి ఉండతో మొదలుపెట్టాలి అన్నాను. లైన్ ఇళ్ల వెనక ఆ ఖాళీ స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉంది. మేడ మీద చోటు ఉంది, చాలు.

వచ్చే నెల మళ్లీ పింఛను సంగతులకే వస్తాను. కొత్త ఫారాల గురించి చాలామంది జాబులు రాసినారు.